ఎర్రగుడి బండ మీద రెండు శాసనాలు: మతాన్ని చదవడానికీ దేశాలు కలిసి పనిచేయడానికీ ఏంటి సంబంధం?

తొలకరి పడితే చాలు, జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల చేలల్లో జనం తల వంచుకుని నడుస్తుంటారు, వజ్రాల కోసం. అనంతపురం వైపు నుంచి, బళ్ళారి వైపు నుంచి కూడా వస్తారు, పట్టాలు కట్టుకుని రోజుల తరబడి అక్కడే వండుకు తింటారు, దొరికినోడికి లచ్చలు, మిగతా అందరికీ నడుం నొప్పి. అదే ఏరియాలో, గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి దగ్గర కొండ మీద ఇంకో రకం రాళ్ళున్నాయి, వాటిని చూడ్డానికి మాత్రం ఇంత జనం రారు. అశోకుడి పెద్ద శాసనాలు పద్నాలుగూ, చిన్న శాసనాలు రెండూ ఒకే చోట ఉన్న బండలు అవి. 1920ల చివర్లో ఒక జియాలజిస్టు కంట పడేదాకా లోకానికి వాటి సంగతే తెలీదు.

ఆ పద్నాలుగులో పన్నెండోదీ పదమూడోదీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక చిత్రమైన సంగతి బయటపడుతుంది. పన్నెండోది పూర్తిగా మతాల గురించే. రాజు అన్ని పంథాల వాళ్ళనీ గౌరవిస్తాడు, సన్యాసులైనా సంసారులైనా సరే, అయితే దానధర్మాల కన్నా ముఖ్యం నోరు అదుపులో పెట్టుకోవడం, సందర్భం లేకుండా మన పంథాని పొగుడుకుని ఎదుటోళ్ళ పంథాని తిట్టడం వల్ల నష్టం మనదానికే, ఒకరి ధర్మం ఒకరు వినాలి, అందరూ బహుశ్రుతులు కావాలి, దాని సారాంశం ఇదీ. పదమూడోది కళింగ యుద్ధం గురించి. లక్ష మంది చచ్చారు, లక్షన్నర మందిని తరలించారు, అది తల్చుకుని రాజు బాధపడుతున్నాడు, ఇకమీదట ధర్మంతో గెలిచేదే అసలు గెలుపు అంటాడు, ఆ తర్వాత ఇరుగుపొరుగు రాజ్యాల లిస్టు మొదలవుతుంది: చోళులు, పాండ్యులు, తామ్రపర్ణి అంటే శ్రీలంక, పడమటి పక్క యవన రాజు అంతియోకుడు, అతని అవతల ఇంకో నలుగురు గ్రీకు రాజులు. ఆ పద్నాలుగులో రెండోదాంట్లో అయితే ఈ పొరుగు రాజ్యాల్లో మనుషులకీ పశువులకీ వైద్యం, మూలికల మొక్కలు, బావులు, చెట్లు అని కూడా ఉంటుంది.

అంటే ఒకరి మతం ఒకరు తెల్సుకోవడం, వేరే వేరే రాజ్యాలు కలిసి పని చేయడం, ఈ రెండు విషయాలూ కర్నూలు జిల్లాలో ఒకే బండల గుంపు మీద రాసి ఉన్నాయి. ఇంకో విశేషం ఏంటంటే కళింగలో, అదే ఒడిశాలో ధౌళి, జౌగడ దగ్గర చెక్కించిన వాటిలో ఈ పన్నెండు, పదమూడు కావాలనే వదిలేశారు, వాటి బదులు వేరే శాసనాలు పెట్టారు. యుద్ధం జరిగిన చోట లేని పశ్చాత్తాపం, యుద్ధంతో ఏ సంబంధమూ లేని మన గుత్తి పక్కన ఉంది. దెబ్బ తిన్నోళ్ళ ముందు ఆ మాట ఎత్తకపోవడమే మంచిది అనుకున్నాడేమో రాజు, రాజకీయం రాజకీయమే.

ఇలా "అనుకున్నాడేమో" అని ఆగి అడగడమే మతాన్ని అకడమిక్ గా చదవడం అంటే. భక్తుడు ఆ రాయి ముందు దణ్ణం పెట్టుకుంటాడు, దేశభక్తుడు చూడండి మన గొప్పతనం అంటాడు, ఈ చదువు చదివేవాడు మాత్రం ఎవరు రాయించారు, ఎవరి కోసం రాయించారు, ఎక్కడ రాయించలేదు, చెప్పినట్టు జరిగిందా లేదా అని అడుగుతాడు. అయిదుగురు గ్రీకు రాజుల దాకా ధర్మం వెళ్ళిందని అశోకుడు చెప్పుకున్నాడు గానీ గ్రీకుల రాతల్లో దాని ఊసు కనపడదు. అదే పదమూడో శాసనంలో అడవి జనాలకి, రాజు బాధపడుతున్నాడు గానీ బలం మాత్రం తగ్గలేదు జాగ్రత్త, అనే హెచ్చరిక కూడా ఉంది, స్కూలు పుస్తకాల్లో ఆ ముక్క సాధారణంగా ఎగిరిపోతుంది.

ఒక్క మాట చూడండి. ఆ శాసనంలో పంథా అనడానికి వాడిన పదం పాసండ. అక్కడ అది తిట్టు కాదు, ఉత్త మామూలు మాట, ఏ గుంపుకైనా వాడొచ్చు. తర్వాత తర్వాత సంస్కృతంలో అదే పాషండం అయ్యి, పాషండుడు అంటే వేదం ఒప్పుకోనివాడు, భ్రష్టుడు అనే అర్థానికి దిగజారింది, తెలుగులోకి ఆ తిట్టే వచ్చింది. ఎదుటివాడి మతాన్ని మర్యాదగా పిలవడానికి ఉన్న పదమే ఎదుటివాడిని తిట్టే పదంగా మారిపోవడం, ఈ ఒక్క మార్పు వెనకాల కొన్ని వందల ఏళ్ళ గొడవలు ఉన్నాయి.

మన దగ్గర ఈ చదువు గురించి ఒక పెద్ద కన్ఫ్యూజన్ ఉంది. మతం మీద పీహెచ్డీ అంటే చాలు, స్వామీజీ అవుతాడా, మౌల్వీ అవుతాడా, పాస్టర్ అవుతాడా అని అడుగుతారు. మతం నేర్పడం వేరు, మతం గురించి నేర్పడం వేరు. మన రాజ్యాంగం 28వ అధికరణం పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే విద్యాసంస్థల్లో మత బోధన వద్దంటుంది. చానామంది అక్కడితో ఆగిపోయి, అసలు క్లాస్ రూంలో మతం మాటే ఎత్తకూడదు అనుకుంటారు. కానీ 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు, మత బోధన మీదే నిషేధం గానీ మతాల గురించి చదవడం మీద కాదని తేల్చింది. అమెరికాలో ఇలాంటి గీతే 1963లో అక్కడి సుప్రీంకోర్టు గీసింది, స్కూల్లో బైబిల్ పారాయణం కుదరదు, మతాన్ని ఒక సబ్జెక్టుగా చదివితే తప్పు లేదు అని. ఆ తర్వాత అక్కడి యూనివర్సిటీల్లో ఈ డిపార్ట్‌మెంట్లు వరసబెట్టి వచ్చాయి. మన దగ్గర 1948–49లో రాధాకృష్ణన్ కమిషన్ డిగ్రీ మొదటేడు మత గురువుల జీవితాలు, రెండో ఏడు గ్రంథాల్లోంచి ఎంచిన భాగాలు, మూడో ఏడు మత తత్వం మీద ప్రశ్నలు చదివించమని చెప్పింది. అది ఎంతవరకు అమలైందో డిగ్రీ చదివిన ఎవర్ని అడిగినా చెప్తారు.

ఈ శాస్త్రానికి పుట్టుమచ్చ మాదిరి ఒక వలసపాలన మచ్చ కూడా ఉంది, దాన్ని దాచి లాభం లేదు. ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ మాక్స్ ముల్లర్ 1870లో లండన్ లో మతాల శాస్త్రం అనే మాట మీద ఉపన్యాసాలిచ్చాడు, తూర్పు దేశాల పవిత్ర గ్రంథాల్ని యాభై సంపుటాల్లో తేవడం 1879లో మొదలుపెట్టాడు, ఆయన మాత్రం ఇండియాలో ఎప్పుడూ అడుగు పెట్టలేదు. దానికి చానా ముందే సీమలో ఈ పని నేల మీద జరిగింది. 1800లో నిజాం ఈ జిల్లాల్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాక కోలిన్ మెకంజీ సర్వేకి వచ్చాడు, కావలి సోదరులు, ఇంకా బోలెడంతమంది గుమాస్తాలు ఊరూరూ తిరిగి కరణాల దగ్గర, పూజార్ల దగ్గర, ముజావర్ల దగ్గర కైఫీయత్తులు, అంటే ఊళ్ళ వివరాలు, రాయించుకొచ్చారు, ఏ గుడికి ఎవరు మాన్యం ఇచ్చారు, ఏ దర్గాకి ఎవరు దీపం పెట్టాలి అనేదాకా. ఆ మెకంజీయే మధ్యలో 1811 నుంచి 1813 దాకా జావాలో ఉండి అక్కడ కూడా ఇలాంటి సేకరణే చేశాడు. అంటే కడప, జావా ఒకే మనిషి ట్రంకు పెట్టెల్లో కలిశాయి. పన్ను వసూలు కోసం, పాలన కోసం కలిశాయి, అది నిజం. కానీ ఆ కైఫీయత్తులు లేకపోతే కడప జిల్లా ఊళ్ళ సంగతి సగం తెలిసేది కాదు, అదీ నిజం. కడపలోనే సీపీ బ్రౌన్ పండితుల్ని పెట్టుకుని తాళపత్రాలు పోగేసి, 1829లో వేమన పద్యాలు ఇంగ్లీషుతో కలిపి అచ్చేశాడు. విగ్రహాన్ని, కులాన్ని, మక్కాని, కాశీని అందర్నీ ఒకే నోటితో కడిగేసిన వేమన్నని ఒక కంపెనీ ఉద్యోగి పట్టుకోవడం చూస్తే నవ్వొస్తుంది. ఎందుకు పట్టుకున్నాడు, మిషనరీలకి వేమన ఎందుకు నచ్చాడు అనేది మళ్ళీ ఇంకో పరిశోధన.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఈ చదువు దేశాల మధ్య సంఘంగా మారింది. 1950లో ఆమ్‌స్టర్‌డామ్ లో మతాల చరిత్ర అంతర్జాతీయ సంఘం పెట్టారు, సాధారణంగా అయిదేళ్ళకోసారి మహాసభలు. 1958లో మధ్యలో ఒక ప్రత్యేక సభ టోక్యోలో జరిగింది, అక్కడే అసలు తగువు బయటపడింది. జర్మన్ పండితుడు ఫ్రెడ్రిక్ హైలర్ లాంటివాళ్ళు, మతాల్ని చదివేది మతాల మధ్య స్నేహం పెంచడానికే, లోపల అన్నీ ఒకటే అన్నారు. ఇది వినడానికి బాగుంటుంది, మన దగ్గర ఏ స్టేజీ ఎక్కినా వినపడే మాటే. 1960లో మార్బుర్గ్ సభలో జ్వీ వెర్బ్‌లోవ్‌స్కీ అనే జెరూసలేం ప్రొఫెసర్ దీన్ని గట్టిగా అడ్డుకున్నాడు, మతాన్ని పెంచడం, మతాల్ని కలపడం ఈ చదువు పని కాదు, ఉన్నది ఉన్నట్టు తెల్సుకోవడమే పని అని ఒక కాగితం రాస్తే చాలామంది పండితులు దానికి ఒప్పుకున్నారు.

వెర్బ్‌లోవ్‌స్కీ మాటలో చేదు ఉంది గానీ దేశాల మధ్య సహకారం సంగతికి వచ్చేసరికి ఆయన దారే పనికొస్తుంది. అన్నీ ఒకటే అని ముందే తీర్మానం చేసుకుని చదివితే ఇంక చదవడానికేం మిగలదు. పైగా ఒకటే అంటున్నది ఎవరు, ఎవరి లెక్కలో ఒకటే అనే పేచీ వస్తుంది, సాధారణంగా సంఖ్యలో ఎక్కువున్నోళ్ళ లెక్కలోనే ఒకటవుతుంది. అదే తేడాల్ని తేడాలుగా రాసిపెట్టుకుంటే, ఎక్కడ కలవొచ్చు ఎక్కడ కలవకూడదు అనేది స్పష్టంగా తెలుస్తుంది.

దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. ఉగాది రోజు దేవుని కడప గుడికి పోతే తెలుస్తుంది. తిరుమలకి తొలి గడప అని పేరున్న ఆ వెంకటేశ్వరుడి గుడికి ఆ రోజు ముస్లింలు కుటుంబాలతో వస్తారు, కొబ్బరికాయలు కొడతారు, బీబీ నాంచారి మా ఆడబిడ్డ కాబట్టి స్వామి మా ఇంటి అల్లుడు అంటారు. పండగ పూట అల్లుణ్ణి చూసిపోకపోతే ఎట్లా అని. పేపరోళ్ళు ప్రతి ఏడూ మతసామరస్యం అని ఒక ఫొటో వేసి ఊరుకుంటారు. కానీ జాగ్రత్తగా వింటే అక్కడ ఎవరూ రెండు మతాలూ ఒకటే అని చెప్పట్లేదు. వాళ్ళు చెప్తున్నది చుట్టరికం. చుట్టరికం అంటేనే రెండు ఇళ్ళు వేరు అని అర్థం, అల్లుడు అల్లుడే, ఇంటి కొడుకు కాదు, మర్యాదలు, పెట్టుపోతలు, అలకలు అన్నీ ఆ వేరుదనం మీదే నడుస్తాయి.

అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గర ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. మొహర్రం నెలలో పీర్లు లేస్తే సీమంతా అక్కడే ఉన్నట్టు ఉంటుంది, వచ్చేవాళ్ళలో ముస్లిమేతరులే ఎక్కువ, చక్కెర చదివింపులు, అగ్నిగుండం, కుళ్ళాయప్ప అని పిల్లలకి పేర్లు, కొందరు కొన్ని రోజులు ఫకీరు దీక్ష పట్టి మాంసం మందు మానేసి నేల మీద పడుకుంటారు. తెలుగు కవి అఫ్సర్ ఈ ఊర్లో ఉండి జనాన్ని విని చేసిన పరిశోధనని 2013లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ పుస్తకంగా వేసింది. అందులో బలం ఏంటంటే, ఇది అందమైన సామరస్యం అని చప్పట్లు కొట్టి వదిలేయలేదు. అసలైన ఇస్లాం ఇది కాదు, పీర్లెత్తడం తప్పు అనే వాదన ఊరిలోకి ఎట్లా వస్తుంది, దానికి ఊరోళ్ళు ఏం జవాబు చెప్తారు, దీక్ష పట్టిన హిందువు ఫకీరు అనే మాటని ఎట్లా అర్థం చేసుకుంటాడు, ఇవన్నీ రాశాడు. పీరుని రాముడి కథతో కలిపి చెప్పేవాళ్ళకీ, కర్బలాతో కలిపి చెప్పేవాళ్ళకీ గుండం ఒకటే, కథ వేరు. ఈ సంగతి దేశాలకి కూడా వర్తిస్తుంది: కథ కలవకపోయినా పని కలవొచ్చు.

పని అనగానే సీమలో గుర్తొచ్చేది నీళ్ళే. 2005లో ఢిల్లీలో దక్షిణ, ఆగ్నేయాసియా దేశాల సంస్కృతి, మతాల అధ్యయనానికి ఒక ప్రాంతీయ సంఘం మొదలైంది, పైన చెప్పిన అంతర్జాతీయ సంఘానికి అనుబంధంగా. అంతకు ముందే 1992లో హరారేలో ఆఫ్రికా వాళ్ళది, 2000లో యూరప్ వాళ్ళది వచ్చాయి. ఈ మన సంఘం బ్యాంకాక్, బాలి, థింపు ఇలా ఊరు మారుస్తూ సభలు పెట్టింది. 2009లో బాలిలో తీసుకున్న విషయం నీళ్ళు, 2011లో భూటాన్ లో తీసుకున్నది కొండలు. ఇది తెలివైన పని. దేవుడు ఒక్కడా ఇద్దరా అని మొదలుపెడితే మొదటి రోజు మధ్యాహ్నం భోజనానికే సభ చీలిపోతుంది, నీళ్ళ గురించి మొదలుపెడితే బౌద్ధుడైనా ముస్లిమైనా హిందువైనా చెప్పడానికి ప్రతి ఒక్కరి దగ్గరా ఏదో ఒకటి ఉంటుంది.

బాలిలో ఎందుకు నీళ్ళంటే, అక్కడ వరి మళ్ళకి నీళ్ళు పంచేది సుబక్ అనే రైతుల సంఘాలు, అవి నీటి గుళ్ళ చుట్టూ అల్లుకుని ఉంటాయి. పై గుడిలో పూజ ఎప్పుడు, కింద గుడిలో ఎప్పుడు అనే క్యాలెండర్ ప్రకారమే మడులకి నీళ్ళు, నాట్లు, విరామం. 1970లలో హరిత విప్లవం పేరుతో ఎవరికి వాళ్ళు ఎన్ని పంటలైనా వేసుకోండి అనేసరికి నీళ్ళ టైమింగులు చెడిపోయి, పురుగు ఒక మడి నుంచి ఇంకో మడికి ఆగకుండా పాకి పంటలు పోయాయి. స్టీఫెన్ లాన్సింగ్ అనే మానవశాస్త్రవేత్త ఆ గుళ్ళ వ్యవస్థని చదివి, కంప్యూటర్ మోడల్ తో లెక్క వేసి, పూజల క్యాలెండర్ వెనకాల నీటి పంపకం, పురుగు అదుపు రెండూ ఉన్నాయని చూపించాడు. అంటే ఇంజినీర్లు మూఢనమ్మకం అని పక్కన పెట్టిన దాంట్లో ఇరిగేషన్ షెడ్యూల్ ఉంది. సుబక్ కి 2012లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది.

ఇది చదివితే కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు గుర్తొస్తుంది ఎవరికైనా. 1369 నాటి శాసనం అక్కడుంది, విజయనగరం మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. నీళ్ళు దానం చేస్తే వచ్చే పుణ్యం చెప్తుంది, ఆ వెంటనే మంచి చెరువుకి కావాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు, పనికి పెట్టిన మనుషులు, బండ్లు, పట్టిన కాలం అన్నీ చెప్తుంది. పుణ్యం, సివిల్ ఇంజినీరింగు ఒకే రాయి మీద. కట్ట మరమ్మత్తుకి దశబంధం మాన్యాలు, తూము దగ్గర నీళ్ళు వదిలే నీరుగంటి, కట్ట మీద గంగమ్మ, ఇదంతా ఒక ప్యాకేజీ. దీంట్లోంచి గంగమ్మని ఒక్కదాన్ని తీసి జానపదం అని ఒక డిపార్ట్‌మెంటుకీ, తూముని తీసి ఇంకో డిపార్ట్‌మెంటుకీ ఇచ్చేస్తే ఏదీ అర్థం కాదు. బాలి రైతుకీ పోరుమామిళ్ళ రైతుకీ దేవుళ్ళ పేర్లు కలవవు (కొన్ని కలుస్తాయి కూడా, బాలిలో విష్ణువు ఉన్నాడు, గంగ ఉంది), కానీ పై మడి వాడు నీళ్ళు ఆపేస్తే కింద మడి వాడు ఏం చేయాలి అనే ప్రశ్న మాత్రం అచ్చంగా ఒకటే.

తుంగభద్ర విషయంలోనూ ఇదే. మంత్రాలయం మఠానికి భూమి ఇచ్చింది ఆదోని ముస్లిం పాలకుడు, నది అవతల గట్టు కర్ణాటక, వచ్చే భక్తుల్లో కన్నడిగులు బోలెడంతమంది. పన్నెండేళ్ళకోసారి గురుడు మకరంలోకి వస్తే తుంగభద్ర పుష్కరాలు, 2020 నవంబర్ లో కరోనా వల్ల మునకలకి ఆంక్షలు పెట్టినా వచ్చారు. ఆ పవిత్రత అంతా ఉన్నా, హెచ్చెల్సీకి (ఎగువ కాలవకి) ఎన్ని నీళ్ళు, కేసీ (కర్నూలు-కడప) కెనాల్ కి ఎన్ని అనేది తేలేది మాత్రం తుంగభద్ర బోర్డు మీటింగులో, దామాషా లెక్కల్లో. 2024 ఆగస్టులో డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కూడా కావాల్సొచ్చింది క్రేన్లు, స్టాప్‌లాగ్ గేట్లు. పుష్కరం బోర్డు పని చేయదు, బోర్డు పుష్కరం పని చేయదు. కానీ ఒకే నదిని మూడు రాష్ట్రాల జనం మా తల్లి అనుకోవడం వల్ల ఆ బోర్డుని ఎవరూ మొత్తానికే వదిలేయలేరు, మతం చేసే సాయం దాదాపు అంతవరకే ఉంటుంది.

దేశాల దగ్గరికొస్తే పరిస్థితి ఇంకా మొండిగా ఉంటుంది. దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ 1985 డిసెంబర్ లో ఢాకాలో పుట్టింది, ఏడు దేశాలు, 2007లో అఫ్గానిస్తాన్ తో ఎనిమిది. దాని చార్టర్ లోనే నిర్ణయాలన్నీ ఏకగ్రీవంగా ఉండాలి, రెండు దేశాల మధ్య తగువులు, వివాదాలు చర్చకి రాకూడదు అని ఉంది. దక్షిణాసియాలో మతం తగలని వివాదం ఏముంది గనక. అందుకే మతం అనే మాట టేబుల్ మీదకే రాదు. శిఖరాగ్ర సమావేశం ఆఖరుసారి జరిగింది 2014లో కఠ్మాండూలో, 2016లో ఇస్లామాబాద్ లో జరగాల్సింది ఆగిపోయింది, అంతే, ఇంక లేదు. 1967లో మొదలైన ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ అయితే ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, థాయ్‌లాండ్ లాంటి ముస్లిం, క్యాథలిక్, బౌద్ధ మెజారిటీ దేశాల్ని ఒకే గుంపులో పెట్టుకుని నడుస్తోంది, 2025లో తూర్పు తైమూర్ చేరి పదకొండయ్యాయి. ఒకరి ఇంట్లో ఒకరు వేలు పెట్టకూడదు అనేది దాని సూత్రం, దానివల్ల నడుస్తుంది, దానివల్లే చాలాసార్లు చూస్తూ ఊరుకుంటుంది కూడా.

మతం ఒకటైతే చాలు దేశాలు కలిసిపోతాయి అనుకునేవాళ్ళు ప్రియా విహార్ సంగతి చూడాలి. డాంగ్రెక్ కొండల మీద ఖ్మేర్ రాజులు కట్టిన శివాలయం. దానికోసం కొట్టుకునేది కంబోడియా, థాయ్‌లాండ్, రెండూ బౌద్ధ దేశాలే, అది కూడా థేరవాదం అనే ఒకే శాఖ బౌద్ధమే రెండు చోట్లా. 1962లో అంతర్జాతీయ న్యాయస్థానం గుడి కంబోడియాది అంది, 2008లో యునెస్కో జాబితాలో చేరగానే మళ్ళీ మొదలై 2011 దాకా కాల్పులు, 2025లో ఇదే సరిహద్దులో మళ్ళీ యుద్ధమే. శివుడి గుడి కోసం బౌద్ధులు బౌద్ధులు కొట్టుకుంటున్నారు అంటే అక్కడ తగువు మతానిది కాదు, మ్యాపులది, ఫ్రెంచి వాళ్ళు గీసిన గీతది. మతాన్ని చదివినవాడు చేయగల ఉపకారాల్లో ఇదొకటి, ఎక్కడ మతం అసలు కారణం కాదో చెప్పడం.

బుద్ధుడు పుట్టిన చోటు, నేపాల్ లోని లుంబినీలో లెక్క వేరేగా వేశారు. 1967లో అప్పటి ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్ ఊ థాంట్ అక్కడికి వెళ్ళి దాని పరిస్థితి చూసి అభివృద్ధికి పూనుకున్నాడు, జపాన్ ఆర్కిటెక్ట్ కెంజో టాంగే గీసిన మాస్టర్ ప్లాన్ 1978లో ఖాయమైంది. ఆ ప్లాన్ లో మధ్యలో పొడుగ్గా ఒక కాలవ, తూర్పు పక్క థేరవాద దేశాల ఆరామాలు, పడమటి పక్క మహాయాన, వజ్రయాన వాళ్ళవి. అందర్నీ ఒకే హాల్లో కూర్చోబెట్టి మనమంతా బుద్ధుడి బిడ్డలం అనలేదు, తేడాని ముందే ఒప్పుకుని ప్లాట్లు వేసి, ఎవరి పద్ధతిలో వాళ్ళు కట్టుకోండి అన్నారు. ఎవరు థేరవాదం, ఎవరు వజ్రయానం, వాళ్ళ పూజలెట్లా వేరు అనేది తెలీకుండా ఆ ప్లాన్ గీయలేరు. చదువు పని అక్కడ కనపడదు గానీ అది లేకపోతే ఆ కాలవే లేదు.

కర్తార్‌పూర్ కారిడార్ కూడా అలాంటిదే, పాకిస్తాన్ లో ఉన్న సిక్కుల గురుద్వారాకి మన వైపు నుంచి పోయే దారి, 2019 నవంబర్ 9న తెరిచారు, వీసా అక్కర్లేదు, పొద్దున పోయి సాయంత్రం తిరిగి రావాలి, రోజుకి అయిదు వేల మంది దాకా, మనిషికి ఇరవై డాలర్లు. అందులో భక్తి ఎంతో గానీ రూల్సు మాత్రం రైల్వే టైంటేబుల్ అంత ఖచ్చితంగా రాసుకున్నారు, అందుకే గొడవల మధ్య కూడా కొన్నేళ్ళు నడిచింది, 2025 మేలో ఇండియా పాకిస్తాన్ సైనిక ఘర్షణ అప్పుడు మన వైపు మూసేశారు. రెండు దేశాల మధ్య యాత్రికుల కోసం 1974 నాటి ఒప్పందం ఒకటుంది, అజ్మీర్ కి వాళ్ళు, నన్‌కానా సాహిబ్ కి మనవాళ్ళు. ఇవన్నీ చిన్న చిన్న కిటికీలు, తలుపులు కావు.

ఈ మధ్య ఇంకో రకం వచ్చింది, బుద్ధుడి ధాతువుల్ని, అంటే అస్థికల్ని, విమానంలో పంపించడం. 2024లో థాయ్‌లాండ్ కి, 2025లో వియత్నాం కి పంపారు, లక్షల మంది క్యూలో నిలబడి చూశారు. జనం భక్తిని తక్కువ చేయక్కర్లేదు, కానీ ఇక్కడే చదువుకి ప్రమాదం ఉంది. ప్రభుత్వాలకి మతం ఒక పీఆర్ ఐటెం అయిపోతే యూనివర్సిటీ వాళ్ళని కూడా ఆ ఊరేగింపులో భజన బృందంగా పిలుస్తారు, గ్రాంట్లిస్తారు, సెమినార్లు పెట్టిస్తారు, ప్రారంభోపన్యాసంలో మా దేశమే బౌద్ధానికి పుట్టిల్లు అని మంత్రి చెప్తాడు, రెండో సెషన్ లో ఎవరైనా కుర్ర స్కాలరు మరి ఇక్కడ బౌద్ధం ఎందుకు పోయింది సార్ అని అడిగితే టైం అయిపోయిందంటారు. ఈ సీన్ ఒక్క దేశానిది కాదు, ఏ దేశం సెమినార్ హాల్లోనైనా ఇంతే. నలందా యూనివర్సిటీని 2010 చట్టంతో తూర్పు ఆసియా దేశాల తోడుతో మళ్ళీ పెట్టి, అందులో బౌద్ధం, తత్వశాస్త్రం, తులనాత్మక మతాలకి ఒక స్కూలే పెట్టడం మంచి ఆలోచన. ఆ ప్రశ్న అడిగిన కుర్రాడికి అక్కడ టైం ఇస్తారా లేదా అనేదే దాని విలువ.

ఇక మళ్ళీ ఎర్రగుడికి వస్తే, అక్కడి చిన్న శాసనంలో ఒక వింత ఉంది. కొన్ని లైన్లు ఎడమ నుంచి కుడికి పోతాయి, కొన్ని కుడి నుంచి ఎడమకి తిరిగొస్తాయి, మడక దున్నినట్టు. అశోకుడి శాసనాల బ్రాహ్మీ లిపిని అలా రాయడం మామూలు కాదు. కర్ణాటకలో బ్రహ్మగిరి దగ్గర ఇలాంటి శాసనమే చెక్కిన చపడ అనేవాడు చివర్న తన పని పేరుని కుడి నుంచి ఎడమకి రాసే ఖరోష్ఠి లిపిలో పెట్టాడు, ఖరోష్ఠి అంటే ఇప్పటి పాకిస్తాన్ వైపు లిపి. అంత దూరం నుంచి లేఖరులు ఈ పక్కకి వచ్చి పని చేసి ఉండొచ్చన్నమాట.

పన్నెండో శాసనం ఖరోష్ఠిలో పాకిస్తాన్ లోని షాబాజ్‌గఢీ దగ్గర ఒక విడి బండ మీద ఉంది. గ్రీకులో కూడా ఉంది, 1963లో అఫ్గానిస్తాన్ లో పాత కాందహార్ శిథిలాల్లో ఒక రాతి పలక దొరికితే, దాని మీద సరిగ్గా పన్నెండో శాసనం చివరి భాగం, పదమూడో దాని మొదలు ఉన్నాయి, ఎర్రగుడిలో మనం పక్కపక్కన పెట్టి చదివిన అవే రెండు. అందులో పాసండ అనే మాటకి గ్రీకు అనువాదకుడు వాడిన పదం డయాట్రిబే, అంటే ఒక గురువు దగ్గర చేరి చదువుకునే బృందం, తత్వశాస్త్ర పాఠశాల లాంటిది. ఆ మాట అప్పట్లో తిట్టు కాదు అని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి. కానీ ఆ సాక్ష్యం పూర్తిగా చూడాలంటే కర్నూలు జిల్లా బండ ఒక్కటి చాలదు, పాకిస్తాన్ బండ కావాలి, అఫ్గాన్ పలక కావాలి, ప్రాకృతం, గ్రీకు, రెండు లిపులు తెలిసినవాళ్ళు కావాలి, వాళ్ళకి వీసాలు కావాలి. మూడు దేశాలూ సార్క్ సభ్యులే. కాందహార్ పలకని కాబూల్ మ్యూజియంలో పెట్టారు, 1990లలో అంతర్యుద్ధం అప్పుడు మ్యూజియం లూటీ అయ్యి అది కనపడకుండా పోయింది, ఇప్పుడు చదివేవాళ్ళంతా అంతకుముందు తీసుకున్న ఫొటోలు, అచ్చుల మీదే చదువుతున్నారు. ఎర్రగుడి బండ మాత్రం అక్కడే ఎండకి ఎండుతూ ఉంది, వజ్రాల సీజన్ లో పక్క రోడ్డు మీద ఆటోలు పోతూనే ఉంటాయి.